పాట వెనుక కథ: ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తనలో కాలం, బాధ్యత

ఉపోద్ఘాతం

భక్తిగీతాన్ని దాని పుట్టుక కథతో కలిపి వినడం తెలుగువారికి పాత అలవాటు. గోల్కొండ చెరసాల జ్ఞాపకానికి రాకుండా రామదాసు కీర్తన వినే శ్రోత అరుదు. ఆంగ్ల క్రైస్తవ సమాజాల్లోనూ పాత ప్రార్థనాగీతాన్ని పాడేముందు దాని కథ చెప్పడం చిరకాలంగా ఉన్న సంప్రదాయం. ఈ ఆస్వాదనలో కథ అలంకారమాత్రం కాదు. శ్రోత పాటను అర్థం చేసుకునే తీరును అది నిర్దేశిస్తుంది. కనుక కథ మారితే పాట అర్థమూ మారుతుంది. హొరేషియో స్పాఫర్డ్ రచించిన ‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’, జాన్ న్యూటన్ రచించిన ‘అమేజింగ్ గ్రేస్’ గీతాల ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాటలో నిలిచిన కథ

రామదాసు కీర్తనల్లో చెరసాల బాధ, శ్రీరామునికి చేయించిన నగల ప్రస్తావన నేరుగా కనిపిస్తాయి. అక్కడ కథకు పాటే సాక్ష్యం. స్పాఫర్డ్ గీతంలో ఆ సాక్ష్యం ఉపమానరూపంలో ఉంది. 1873 నవంబరులో ‘విల్ దు హావ్ర్’ అనే ఓడ అట్లాంటిక్ సముద్రంలో మరో ఓడను ఢీకొని మునిగిపోయింది. ఆ ప్రమాదంలో స్పాఫర్డ్ నలుగురు కుమార్తెలు మరణించారు. భార్య ప్రాణాలతో బయటపడింది. ఆమెను కలుసుకోవడానికి వెళుతూ, ఓడ మునిగిన చోటికి చేరినప్పుడే ఆయన ఈ గీతం రాశాడని ప్రసిద్ధమైన కథ. 1876లో షికాగోలోని తన ఇంట్లో రాశాడని గాయకుడు ఐరా శాంకీ కథనం. ఆ ఏడాదే ఫిలిప్ బ్లిస్ కూర్చిన బాణీతో గీతం అచ్చయింది. బ్లిస్ ఆ బాణీకి మునిగిన ఓడ పేరే పెట్టాడు.

ఈ రెండు కథనాల్లో దేన్ని అంగీకరించినా గీతార్థానికి పెద్దగా నష్టం లేదు. దుఃఖాన్ని సముద్రతరంగాలతో పోల్చే తొలి చరణమే ఆ విషాదానికి, పాటకు మధ్య బంధాన్ని నిలుపుతోంది.

పాటలో లేని కథ

న్యూటన్ గీతం స్థితి వేరు. బానిసల వ్యాపారి అయిన న్యూటన్ తుపానులో చిక్కుకుని దేవునికి మొరపెట్టాడని, బతికి బయటపడగానే ఆ వ్యాపారం విడిచి ఈ పాట రాశాడని ప్రచారంలో ఉన్న కథ. గీతంలో సముద్రం లేదు, ఓడ లేదు, తుపాను లేదు. గడిచివచ్చిన ఆపదల గురించి సామాన్యమైన ప్రస్తావన మాత్రమే ఉంది. బానిసల ఊసు అసలే లేదు.

చారిత్రక క్రమం ఇందుకు భిన్నమైనది. తుపాను వచ్చింది 1748 మార్చిలో. అప్పుడు న్యూటన్ ప్రయాణిస్తున్న ‘గ్రేహౌండ్’ బానిసల ఓడ కాదు, సరుకుల ఓడ. ఆ తరువాతే ఆయన బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1754లో సముద్రయానం మానడానికి కారణం అనారోగ్యం. 1764లో గురువుగా అభిషేకం పొంది ఓల్నీ గ్రామంలో సేవ చేశాడు. ఈ గీతం 1773 జనవరి 1నాటి ఆరాధన కోసం సిద్ధమైంది. 1779లో, విలియం కౌపర్ గీతాలు కూడా ఉన్న ‘ఓల్నీ హిమ్స్’ సంపుటిలో అచ్చయింది. బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ, అందులో తన పాత్రను ఒప్పుకొంటూ న్యూటన్ చిరుపుస్తకం ప్రకటించినది 1788లో.

తుపానుకూ గీతానికీ మధ్య సుమారు ఇరవై అయిదేళ్లు, గీతానికీ బహిరంగ పశ్చాత్తాపానికీ మధ్య మరో పదిహేనేళ్లు గడిచాయి. ప్రచారకథ ఈ నలభై ఏళ్లను ఒక్క రాత్రిలోకి కుదించింది. దానివల్ల న్యూటన్‌కు విముక్తి తొందరగా లభించింది. కానీ తుపాను తరువాత ఆయన నడిపిన ఓడల్లో బందీలైన మనుషులు కథలోంచి మాయమయ్యారు. స్పాఫర్డ్ విషయంలో తేదీ జీవితచరిత్రకు సంబంధించిన వివరం. న్యూటన్ విషయంలో అది నైతిక ప్రశ్న.

గీతంలోని కాలం

అసలు చరిత్ర తెలిస్తే గీతం విలువ తగ్గుతుందన్న భయం అక్కరలేదు. న్యూటన్ దీనికి మూలంగా తీసుకున్నది దినవృత్తాంతముల మొదటి గ్రంథం 17వ అధ్యాయంలోని దావీదు ప్రార్థన. ఇంతవరకు నన్ను నడిపించడానికి నేనెంతటివాడినని విస్మయపడే ప్రార్థన అది. గతాన్ని సింహావలోకనం చేసి భవిష్యత్తు వైపు చూసే నిర్మాణం గీతంలోనూ ఉంది. కొత్త సంవత్సరం తొలిరోజుకు అది తగినది. ఒక్క క్షణంలో కలిగిన మార్పుకన్నా దీర్ఘకాలం నడిపించిన కృపే గీతానికి విషయం. కనుక ఆలస్యమైన పశ్చాత్తాపం గీతార్థానికి విరుద్ధం కాదు. ఆ కృప ఎంత అపరిపూర్ణుడైన మనిషిని ఎంతకాలం భరించిందో అది చూపుతుంది.

ఈ పాటకు కర్త ఒక్కడే అనడమూ కష్టమే. నేడు ప్రసిద్ధమైన బాణీని ఈ సాహిత్యంతో జతచేసి అమెరికాలో ప్రచురించినవాడు విలియం వాకర్ (1835). ఇప్పుడు చివర పాడే, పదివేల ఏళ్ల ఊహతో కూడిన చరణం న్యూటన్‌ది కాదు. ఆ చరణం 1852 నాటి ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ నవలలో, న్యూటన్ చరణాలతో కలిసి, బానిస అయిన టామ్ నోట వినిపిస్తుంది. న్యూటన్ రచనలో చోటు దొరకని బానిస ఆ విధంగా పాట చరిత్రలో గాయకుడయ్యాడు.

ముగింపు

పాట వెనుక కథను కోరడం రసాస్వాదనకు దోషం కాదు. కథ ఇచ్చే ఆనందం కోసం కాలాన్ని కుదించినప్పుడు మాత్రం ఎవరి బాధ కనుమరుగవుతోందో చూడవలసిన బాధ్యత విమర్శకు ఉంది. ‘అమేజింగ్ గ్రేస్’ను తుపాను రాత్రి పాటగా కాక, మెల్లగా మేల్కొన్న మనస్సాక్షి జీవితంలో నడుమ పుట్టిన పాటగా వినడం చరిత్రకు దగ్గరైన ఆస్వాదన. అది పాటలోని కృతజ్ఞతను నిలుపుతూనే, దాని మౌనాన్ని కూడా శ్రోత ముందు ఉంచుతుంది.