షోలాపురపు పూటకూటి యిల్లు

వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామములో మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దరు ఓరుగంటి వీథులలో ఒక దినమంతయు తిరుగుదురు. ఆ తిరుగుటలో ఒక పూటకూటి యింటి ప్రసక్తి వచ్చును. అచ్చట ఒక రూకకు ఏమేమి పెట్టుదురో కవి వరుసగా చెప్పినాడు: మేలి బియ్యపన్నము, గోధుమపిండి వంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. పెట్టినదేమి, పుచ్చుకొన్నదెంత అను రెండు విషయములను దాచక చెప్పి ఊరకున్నాడు. రూకకు తగిన భోజనమగునో కాదో చదువరియే తీర్పు చెప్పుకొనును. భోజనశాలలను గూర్చి వ్రాయబూనిన వానికి ఇంతకంటె మంచి మాదిరి నాకు కనబడలేదు. ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని కావ్యములకు వంటయింటి మాటలనే అరువు తెచ్చుకొన్న మన ఆలంకారికులు ఆ ఋణమును వంటయింటికి తీర్చిన జాడ లేదు.

ఆ ఓరుగంటి సీమ నుండియు, కరీంనగరము, నల్లగొండ, పాలమూరు ప్రాంతముల నుండియు పందొమ్మిదవ శతాబ్దము మొదలుకొని పద్మశాలీ కుటుంబములు షోలాపురము చేరినవి. కరవు కొందరిని తరిమినది. 1877లో పని ప్రారంభించిన నూలుమిల్లు, దాని తరువాత లేచిన మిల్లులు మరికొందరిని పిలిచినవి. ఆ తొలి మిల్లును ఊరివారు జూనీ గిర్నీ అందురు. మిల్లులు మూతబడినవి, మనవారు మిగిలిరి. నగరపు తూర్పు భాగమున సాఖరపేట, దాజీపేట, కన్నా చౌకు, అశోక్ చౌకు వైపు నడచువానికి మరమగ్గముల చప్పుడుతో కలిసి తెలుగు మాట వినబడును. షోలాపురపు దుప్పటి ఎరుగని తెలుగిల్లు అరుదు. ఆ దుప్పటి నేసినవాడు మధ్యాహ్నము ఎచ్చట తినుచున్నాడని అడిగినవారు మనలో అంతకంటె అరుదు.

ఇల్లు దగ్గరయైనచో ఇంటనే తినును. కానిచో ఖానావళికి పోవును. ఖానావళి అనునది మరాఠీ, కన్నడ దేశములు రెంటను ఉన్న మాట. మన పూటకూటి యింటికి సరియగు మాట. బొంబాయి మిల్లుల వాడలలో ఒంటరి కార్మికులకు నెలసరి లెక్కపై వండిపెట్టిన స్త్రీల ఖానావళులు ప్రసిద్ధములు. ఆ స్త్రీలను కూడగట్టి ప్రేమా పురవ్ గారు 1975లో అన్నపూర్ణా మహిళా మండలమును స్థాపించిరి. పారిసు నగరపు బిస్ట్రో అను చిన్న భోజనశాలయు ఈ జాతిలోనిదే. 1814లో ఆ నగరమున ప్రవేశించిన రష్యా సైనికులు తొందరపెట్టుచు పలికిన మాట నుండి ఆ పేరు పుట్టినదని ఒక కథ చెప్పుదురు. ఆ మాట అచ్చులో కనబడుట 1880 తరువాతనే గనుక కథ నిలువదు. కాని తొందరలో ఉన్నవాని కొరకు పుట్టిన యిల్లు అను భావము మాత్రము షోలాపురపు ఖానావళికి చక్కగా అతుకును. మరమగ్గముపై కూలి నేసిన సరకును బట్టి వచ్చును. తినిన గడియ నేయని గడియ.

నేను విమర్శింపబూనిన ఖానావళి అక్కలకోట మార్గమున, ఊరి శివారున ఉన్నది. పేరు వ్రాయను. వ్రాసినచో పొగడ్త ప్రకటన యగును, తెగడ్త ఒకరి పొట్టమీద దెబ్బ యగును. ధరయు వ్రాయను, క్రీడాభిరామకర్త నాటి రూకవలె మన రూపాయి నిలుకడగలది కాదు, ఈ సంచిక మీ చేతికి వచ్చుసరికి మారిపోవును. రేకుల కప్పు, ఆరు బల్లలు, వాకిటిలోనే పొయ్యి. పొయ్యి ముందు కూర్చుండి రొట్టె తట్టునామెయే యజమానురాలు. ఆమె లింగాయత స్త్రీ. ఇంటివారితో కన్నడము, దారిన పోవు వారితో మరాఠీ, నేతగాండ్రతో తెలుగు మాటాడును. నేతగాండ్రు ఆమెను అక్కా అని పిలుతురు. ఆ పిలుపు తెలుగో కన్నడమో తేల్చుట ఎవరి తరమును కాదు. ఐదేండ్లలో పదిమారులకు తక్కువ కాకుండ నేనచ్చట భోజనము చేసితిని.

అచ్చటి జొన్నరొట్టెను గూర్చి ముందుగా చెప్పవలెను. అది ఈ దేశపు పంటకే మకుటము. నల్లరేగడిలో మిగిలిన తేమనే నమ్ముకొని చలికాలమున పండు మాల్‌దండీ జొన్న షోలాపురపు జిల్లాకు పేరు తెచ్చినది. ఆ జిల్లాలోని మోహోళు పరిశోధన క్షేత్రమున ఎన్నిక చేసిన మాల్‌దండీ 35-1 రకము దక్కను పీఠభూమి అంతట వ్యాపించినది. మంగళవేఢా జొన్నకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని గింజ మంచిదైనంత మాత్రమున రొట్టె మంచిది కాదు. జొన్నపిండిలో గోధుమపిండికున్న సాగుడు లేదు. వేడినీరు పోసి కలిపి, అరచేతి మడమతో నలిపి, అప్పటికప్పుడు తట్టవలెను. పెనముపై వేసిన పిదప పైభాగమున తడిచేతితో నీరు పూయవలెను. ఆ నీరు ఆరకమునుపే త్రిప్పినచో పెనమునకు అంటుకొనును. మిగుల ఆరిన పిదప త్రిప్పినచో పగులును. నడుమనున్న ఆ రెప్పపాటు కాలమును ఆమె చూచి తెలిసికొనదు. మనతో మాటాడుచునే ఉండును, చేయి తనంత తాను పోవును. నిప్పుపై నిలిపినప్పుడు రొట్టె పూరీవలె పొంగి, చల్లబడుచు రెండు పొరలుగ కూలబడును. పై పొర కాగితమువలె పలుచన, క్రింది పొర మెత్తన. రెండు పొరలు లేని రొట్టె ఆ యింట నేను చూడలేదు. ఒకటి ముగించువరకు రెండవది పళ్లెములో పడదు. ముగించిన తరువాత ఆలస్యము కాదు. ఈ లెక్క తప్పని భోజనశాలలు పట్టణములందలి పెద్ద హోటళ్లలోను కొలదిగానే ఉన్నవి.

ఇచ్చట నా పక్షపాతమును ఒప్పుకొనవలెను. కృష్ణాతీరమున వరియన్నము తిని పెరిగిన నాకు జొన్న యనిన బీదతనమునకు మారుపేరుగ నేర్పిరి. ఆ నేర్పిన వారిలో కవులును కలరు. పలనాటి జొన్నకూటిని ఎత్తిపొడుచు చాటువులు శ్రీనాథుని పేర నేటికిని సభలలో చదువుదురు, మనము నవ్వుదుము. నేనును నవ్వితిని. ఆ చాటువుల చమత్కారమునకు వంక పెట్టను. కాని అవి సన్నబియ్యము నమిలిన నోటి తీర్పులు. జొన్నపంట నమ్ముకొన్న ఊరిలో ఆ తీర్పు చెల్లదు. మొదటిమారు ఆ ఖానావళిలో కూర్చున్నప్పుడు మూడవ రొట్టె వరకు నేను అన్నము కొరకు తలుపువైపు చూచుచుంటిని. నాలుగవ రొట్టెకు చూచుట మానితిని.

రొట్టెతో వచ్చునవి ఇవి: నూనెలో ఉడికిన గుత్తివంకాయ, దీనిని కన్నడిగులు ఎణ్ణెగాయి అందురు; మొలకెత్తిన మటకీ గింజల కూర; సెనగపిండితో చేయు ఝుణకా; పచ్చి ఉల్లి, పచ్చి మెంతికూర; పెరుగు; అన్నిటికి మిన్నగ షోలాపురపు వేరుసెనగ చట్నీ. పేరు చట్నీయే గాని అది మన వేరుసెనగ పచ్చడివంటిది కాదు. నీరు తగులని పొడి. వేపిన గింజలను వెల్లుల్లి, మిరపపొడి, ఉప్పుతో చేర్చి, గింజలోని నూనె తానై బయటపడు వరకు దంచుదురు. మెత్తగా విసరినది చప్పగ ఉండును. దంచినది పంటికి తగిలి, తగిలిన చోటనే నూనె వదలును. ఆమె యింట దంచినదే పెట్టుదురు. పెరుగులో కలిపి రొట్టెకు అద్దుకొనినచో మరేమియు అక్కరలేదనిపించును.

ఇక దోషములు. వంకాయలో కూరినది వేరుసెనగ పొడి. పప్పుకు బదులుగ వచ్చు పులుసు వేరుసెనగ నూరి చిక్కబరచినది. మటకీ కూరపై చల్లినది వేరుసెనగ. పళ్లెములో నాలుగు గిన్నెలు, నాలుగింట ఒకే రుచి. సగము భోజనమగుసరికి నాలుక పులుపునకు అలమటించును. ఈ దోషము ఒక్క ఖానావళిది కాదు. ఆ ఊరి వంటకే సహజమైనది. కాని సహజమైన దోషము దోషము కాకపోదు. రెండవది అన్నము. రొట్టెలన్నియు ముగిసిన పిదప ఏదో మరచిన మాట గుర్తునకు వచ్చినట్లు ఒక గరిటెడు తెచ్చి వేయుదురు. ప్రొద్దుననే వండి మూతపెట్టినది, చల్లనిది. రొట్టెపై అంత శ్రద్ధ గల చేయి అన్నముపై ఇంత నిర్దయ చూపనేల? పెట్టకున్నను నేను తప్పు పట్టియుండను.

ఆ పులుపు లేని పళ్లెము ముందర కూర్చుండినప్పుడే నాకు పచ్చిపులుసు జ్ఞాపకము వచ్చెను. చింతపండు పిసికిన నీటిలో పచ్చి ఉల్లి, కాల్చిన మిరప, ఉప్పు. పొయ్యితో పనిలేని ఆ వంటకము తెలంగాణపు ఇంటింటిది. షోలాపురపు నేతగాండ్ర యిండ్లలో నేను తిన్నది. వేరుసెనగతో బరువెక్కిన ఆ భోజనమునకు సరియైన విరుగుడు అదియే. గటక, అంబలి, సర్వపిండి మాట అటుంచి, ఆ ఒక్క పచ్చిపులుసు ఏల లేదని నేను అక్కను అడిగితిని. ఆమె చేయి ఆపకయే, "అడిగితే చేయనా అన్నా? నాకు వస్తది. ఎవరూ అడగరు" అనెను.

నా ప్రక్కన భోజనము చేయుచున్న వృద్ధుడు నేతపని మానలేని వయసువాడు. ఆయనను అడిగితిని. ఆయన నవ్వి, "గటక తిననీకె ఇంతదూరం వచ్చినమా సారూ? అది ఇంట్ల ఉంటది. ఇంట్ల అదిగూడ లేని దినాలు చూసినం" అనెను. పచ్చిపులుసు సంగతి మరల అడిగినచో, "అది మా ఇంటామె చేయాలె" అని పెరుగు కలుపుకొనెను.

ఈ మాటను నేను చాలకాలము త్రిప్పి త్రిప్పి ఆలోచించితిని. ఆయన చెప్పినది సిగ్గు కాదు, పట్టింపు. పరాయి వంటను పైసలిచ్చి తినుట సుఖము; తన వంటను పైసలిచ్చి తినుట లోటు. మార్కండేయుని రథమును నూలిపున్నమినాడు వీథి వీథిన ఊరేగించు ఈ జనము, బతుకమ్మను బజారున ఆడు ఈ స్త్రీలు, తమ పండుగను దాచలేదు, భాషను దాచలేదు. నేను తిన్న ఖానావళులలో వంటను మాత్రము ఇంట దాచిరి. తామును నేతవారే యైన సోమవంశ సహస్రార్జున క్షత్రియులు తమ సావజీ మాంసపు వంటను అదే ఊరిలో బజారున పెట్టి పేరు తెచ్చుకొనిరి. ఆ కారము ముందు కన్నీరు పెట్టుకొని మరల పోవువారిలో పద్మశాలీలు ఎందరో. నేతవాని వంట అంగడిలో చెల్లదని చెప్పుటకు వీలులేదన్నమాట.

అయితే ఇంట దాచిన వంటను కాపాడుచున్నదెవరు? ఇంటిలోని స్త్రీ. ఆ స్త్రీ షోలాపురమున తరచు బీడీలు చుట్టును. వేయింటికి ఇంత యని కూలి. ఆమెకును వండిన గడియ చుట్టని గడియ. మగవాని వంటనిష్ఠ అంతయు ఆమె కూలిలో కోతగా పడుచున్నది. ఈ సంగతి నాకు తెలిసినది పళ్లెము ముందర కాదు, ఖానావళి వాకిట. సాయంకాలము నాలుగు దాటిన తరువాత ఆ యింటికి తినుటకు వచ్చువారు తక్కువ. గుడ్డ, డబ్బా పట్టుకొని రొట్టెలు లెక్కపెట్టించుకొని పోవువారు ఎక్కువ. వారిలో పెక్కురు తంబాకు వాసన వదలని చేతులు గల స్త్రీలు. రొట్టె ఇచ్చట కొని, కూర ఇంట చేసికొందురు. పట్టింపునకు, కాలమునకు మధ్య వారు కుదుర్చుకొన్న ఒడంబడిక అది. మాజీ శాసనసభ్యులు ఆడం నర్సయ్య గారి నాయకత్వమున సాగిన ఉద్యమముల ఫలితముగ కుంభారీ వద్ద బీడీ కార్మిక స్త్రీలకు 10,000 ఇండ్ల గోదూతాయీ పరుళేకర్ కాలనీ 2006లో వారి వశమైనది. తరువాత అచ్చటనే తలపెట్టిన రేనగరు 30,000 ఇండ్లలో 15,000 ఇండ్లు 2024 జనవరి 19న అప్పగింపబడినవి. సొంతయిల్లు వచ్చినది, మగ్గము దూరమైనది. మధ్యాహ్నము ఇంటికి పోయి తిని వచ్చుట పలువురికి కుదరని పని. శివారు ఖానావళికి గిరాకి పెరుగుటలో ఆశ్చర్యము లేదు.

కావున ఆ యింటిని ఏ కొలతతో కొలువవలెనని అడిగినచో, నెలకొకమారు పోవు నావంటి వాని నాలుకతో కాదని చెప్పుదును. ప్రతిదినము తినువాడు మూడవ నెలలోను అలయకుండ తినగలుగునా? రొట్టెలు మోసికొనిపోవు ఆమెకు రాత్రి ఎనిమిదింటికి ఆ రొట్టె మెత్తగా ఉండునా? మొదటి ప్రశ్నకు, ఆ వేరుసెనగ మూలమున, సగమే మార్కులు వేయుదును. రెండవ ప్రశ్నకు నిండు మార్కులు.

ఇటీవల పోయినప్పుడు వేళ మీరినది. కలిపిన పిండి అంతయు లెక్కరొట్టెలకు సరిపోయినది. బల్లలపై ఎవరును లేరు. అక్క నన్ను చూచి, లోపలి నుండి ఎండబెట్టిన కడక్ రొట్టెలు రెండు తెచ్చినది. దినముల తరబడి నిలువయుండు ఆ రొట్టె అప్పడమువలె విరుగును. పెరుగు, చట్నీ పెట్టి, అన్నము కావలెనా యని అడిగెను. వద్దంటిని. నేను తినుచుండగా ఒక పిల్లవాడు సైకిలుపై వచ్చి, "అమ్మ పదిహేను తెమ్మన్నది" అని తెలుగున చెప్పి డబ్బా ముందుకు చాచెను. ఆమె పన్నెండే ఉన్నవని చెప్పి, నా పళ్లెమువైపు ఒకమారు చూచి, ఆ పన్నెండును గుడ్డలో చుట్టి ఇచ్చెను.