సరంగును అడగని నిఘంటువు

ఈ వారం కలకత్తా ఖిదిర్‌పూర్ నుంచి వచ్చిన ఒక శుభలేఖ చూసి ఒళ్లు మండింది. చిరునామాలోని గార్డెన్ రీచ్ రోడ్డును ఎవరో భాషాభిమాని ‘ఉద్యానప్రాప్తి మార్గం’ చేసేశాడు. ఊరిపేర్లను అనువదించేవాళ్ల మీద నా కోపం మీకు కొత్తేం కాదు.

పైగా ఆ పేరు నాకు ఇంటిమాట. వాల్తేరు రైల్వే క్వార్టర్లలో ‘గార్డెన్ రీచ్ నుంచి కాగితం వచ్చింది’ అన్నారంటే మావయ్యకు ప్రమోషనో, బదిలీయో. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఖిదిర్‌పూర్ పక్కన అక్కడే ఉంది. 2003 దాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది. పాతవాళ్ల నోట అది బీఎన్నారే, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. మొత్తానికి గార్డెన్ రీచ్ అంటే నా దృష్టిలో సంతకం పెట్టే చోటు. అందులో ఓ నది ఉందని ఎవరూ చెప్పలేదు.

రీచ్ అంటే నది ఒక మలుపు దాటి మరో మలుపు దాకా తిన్నగా సాగే భాగం. చెయ్యి చాచడం అనే పాత ఇంగ్లిష్ క్రియలోంచి పుట్టింది. థేమ్స్ మీద లైమ్‌హౌస్ రీచ్, గ్రేవ్స్‌ఎండ్ రీచ్ ఉన్నాయి. తెరచాప ఓడకు మలుపు తిరిగితే గాలివాటం మారిపోతుంది కనుక నావికుడికి నది ఇలా ముక్కలుగానే గుర్తు. హుగ్లీ మీద ఓడలు నడిపిన ఇంగ్లిష్ పైలట్లూ ఆ అలవాటే తెచ్చారు. 18వ శతాబ్దంలో ఆ ఒడ్డున దొరల తోట బంగళాలు లేచాయి, పేరు కుదిరింది. ఖిదిర్‌పూర్ డాక్ 1892లో గానీ రాలేదు. ఖిదిర్ అంటే నీళ్లను కాచే ఖ్వాజా ఖిజ్ర్ అని కొందరు, ఓడలు కట్టిన జేమ్స్ కిడ్ అని కొందరు. నా ఓటు ఖ్వాజాకే.

రీచ్‌కు సాటి మాట కోసం మన గోదావరి మాటలు వరసపెట్టి చూశాను: రేవు, లంక, తిప్ప, గట్టు, గండి. అన్నీ ఒడ్డున నిలబడ్డవాడి మాటలే. నీళ్లకు దిగాలి, పైరు వేసుకోవాలి, వరదకు జడవాలి. నిఘంటువులు రాసిన పండితులు లాంచీ సరంగును ఒక్క ముక్క అడిగినట్టు లేదు.

కానీ బార ఉంది కదా! రెండు చేతులూ చాచిన కొలత. ఈతగాడు బారలు వేస్తాడు, పొద్దు బారెడెక్కుతుంది. చెయ్యి చాచడంలోంచి వాళ్లు నదిని కొలిస్తే, మనం పొద్దునే కొలిచాం. ‘తోటల బార’ అని రాసి, పైకి చదివి చూశాను. ఊరిపేర్లను ముట్టుకోవద్దని పోరేవాణ్ణి నేనే అయినా, దీన్ని కొట్టేయడానికి చెయ్యి రాలేదు.