అంబాసిడర్ సరే, దాని పుస్తకమేది?

నాగల్‌గిద్దలో పాత కారు కొంటే చూడటానికి జనం వస్తారు, సలహాలూ వస్తాయి. సామాను మాత్రం రాదు. 2016లో మండలమైన ఈ ఊరికి ఒకవైపు నారాయణఖేడ్, ఇంకోవైపు కర్ణాటక సరిహద్దు. చిన్న పనికి ఖేడ్, కాస్త పెద్దదైతే జహీరాబాదో బీదరో. అక్కడా కాలేదంటే హైదరాబాద్ దారి పట్టాల్సిందే. అందుకే అంబాసిడర్ గానీ ప్రీమియర్ పద్మిని గానీ మహీంద్రా జీపు గానీ కొత్తగా కొన్నవాళ్లు రంగు, సీటు కవర్ల జోలికి వెళ్లకముందే పుస్తకం మీద డబ్బు పెట్టాలంటాను.

ఉస్తాద్ ఉండగా పుస్తకమెందుకని అడిగేవాళ్లుంటారు. ట్యాపెట్ శబ్దం విని ఏ సిలిండర్‌దో చెప్పగల చెవి ఏ పుస్తకానికీ లేదు, ఒప్పుకుంటాను. కానీ లూకాస్ డిస్ట్రిబ్యూటర్ పాయింట్ గ్యాప్ అంగుళంలో వెయ్యోవంతులు 14 నుంచి 16 దాకా ఉండాలన్న లెక్క చెవికి అందదు. హెడ్ నట్లు ఏ వరుసలో, ఎంత బిగువున బిగించాలన్నదీ అంతే. పైగా అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన ఉస్తాదులు పెద్దవాళ్లైపోయారు. స్కానర్ తగిలించి తప్పు వెతకడం నేర్చుకున్న కుర్రాడు ఎస్‌యూ కార్బొరేటర్ విప్పాలంటే ఎదురుగా బొమ్మ ఉండాలి.

కంపెనీలు మూడు రకాల పుస్తకాలు వేసేవి. కారుతోపాటు ఇచ్చే చిన్న పుస్తకం ఆయిల్ ఎంత, టైర్లలో గాలి ఎంత అన్నవరకే పనికొస్తుంది. వర్క్‌షాప్ మాన్యువల్ విప్పడం, కొలవడం, బిగించడం చెబుతుంది. మూడోది పార్ట్స్ కేటలాగ్. ప్రతి భాగాన్నీ విడదీసి, ఏది దేని వెనక కూర్చుంటుందో బొమ్మ గీసి, పక్కన నంబరు వేస్తుంది. కొత్తవాళ్లు వర్క్‌షాప్ మాన్యువల్ కోసమే ఎగబడతారు. నన్నడిగితే ముందు కొనాల్సింది కేటలాగే. హైదరాబాద్ పుత్లీబౌలిలోని స్పేర్ పార్ట్స్ దుకాణానికి ఫోన్ చేసి "ముందు చక్రం లోపల ఉంటుందే, ఆ సీలు" అని వర్ణించడం కంటే నంబరు చెప్పడం మేలు. విప్పిన గేర్‌బాక్స్‌లో వాషరొకటి మిగిలిపోయినప్పుడూ దిక్కు అదే.

వీటికి తోడు బయటివాళ్లు రాసినవి ఉన్నాయి. ఇంగ్లండ్‌లో జాన్ హేన్స్ 1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్‌తో తన మాన్యువళ్ల వరుస మొదలుపెట్టాడు. కారును పూర్తిగా విప్పి, తిరిగి బిగిస్తూ, అడుగడుగునా ఫొటో తీయడం ఆయన పద్ధతి. కంపెనీ పుస్తకం చేయి తిరిగిన మెకానిక్‌ను ఉద్దేశించి రాసింది కాబట్టి చాలా సంగతులు వదిలేస్తుంది. హేన్స్ మాత్రం ఇంటి ముందు పాన పట్టుకుని కూర్చున్న యజమాని కోసం రాశాడు.

అసలు చిక్కు పేర్లలో ఉంది. అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. అది తెలిసినవాళ్లు ఆక్స్‌ఫర్డ్ మాన్యువల్ కనిపించగానే కొనేస్తారు. అయితే 1959లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 5 వేరే కారు. ఇంజన్ అదే 1489 సీసీ కుటుంబం, కాబట్టి ఆ అధ్యాయం చాలావరకు పనికొస్తుంది. ముందు సస్పెన్షన్ దగ్గరికి వస్తే అంబాసిడర్‌లో టార్షన్ బార్లు, సిరీస్ 5లో కాయిల్ స్ప్రింగులు. స్టీరింగూ వేరే. పద్మినితో ఇంకా మోసం. ఇటలీలో ఫియట్ 1100 డీకి 1221 సీసీ ఇంజన్ వేశారు. ముంబైలో అదే పేరుతో మొదలై 1974లో ప్రీమియర్ పద్మినిగా మారిన కారుకు మాత్రం 1089 సీసీయే. పేరు చూసి ఇటలీ పుస్తకం తెప్పించుకుని, అందులోని పిస్టన్ కొలతతో బోర్ కొట్టించారంటే బ్లాక్ పాడు. జీపుదీ ఇదే కథ. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా సైన్యపు మాన్యువల్ సులువుగా దొరుకుతుంది. కానీ యుద్ధకాలపు జీపులో వాల్వులన్నీ బ్లాక్‌లోనే ఉంటాయి, మహీంద్రా సీజే-3బీ పెట్రోల్ ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లోకి ఎక్కాయి.

అందుకని బేరానికి ముందు బానెట్ ఎత్తి ఇంజన్ నంబరు రాసుకోవాలి, ఆర్‌సీతో సరిచూడాలి. అంబాసిడర్ అని ఒకే మాట అంటాం గానీ, 1950ల చివర మొదలై 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయేలోపు అందులో సైడ్‌వాల్వ్ పెట్రోల్, ఓవర్‌హెడ్ వాల్వ్ పెట్రోల్, డీజిల్, 1.8 లీటర్ ఇసుజు ఇంజన్లు వచ్చాయి. పాత పెట్రోల్ బండికి తర్వాతెప్పుడో డీజిల్ ఇంజన్ ఎక్కించి ఉంటే ఒక్క పుస్తకం చాలదు, కారుకొకటి, ఇంజన్‌కొకటి కావాలి. యాభై ఏళ్లు దాటిన బండిని 2021 నాటి కేంద్ర నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలంటే చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఏది అసలు, ఏది తర్వాత తగిలించింది అని తేల్చుకోవడానికి కేటలాగ్ బొమ్మలకు మించిన సాయం లేదు.

కొలతల సంగతి కూడా చూసుకోవాలి. అంబాసిడర్ పాత ఇంజన్‌ది అంగుళాల లెక్క, ఫియట్‌ది మిల్లీమీటర్లు. అరంగుళం నట్టుకు 13 పాన పట్టినట్టే పడుతుంది, గట్టిగా తిప్పితే మూలలు అరిగిపోతాయి. బ్రిటిష్ పుస్తకంలో బిగువు పౌండ్-అడుగుల్లో ఉంటుంది. దాన్ని 1.356తో గుణిస్తే న్యూటన్-మీటర్లు. పింట్ అని ఉంటే పుస్తకం ఏ దేశానిదో చూడాలి: బ్రిటన్‌ది 568 మిల్లీలీటర్లు, అమెరికాది 473. ఆ కాలపు బ్రిటిష్ కార్లు చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ వైరే బాడీకి ఎర్త్. వైరింగ్ పటంలో ఇది గమనించకుండా ఆల్టర్నేటర్ బిగిస్తే డయోడ్లు మాడిపోతాయి.

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతి ఎదురైతే ముందు చివరి పేజీలు తిప్పండి. మడతపెట్టిన వైరింగ్ పటం చినిగి పోయేది అక్కడే. ఫోన్‌లోకి దింపుకునే స్కాన్లలోనూ ఆ పటమే సగం తెగి ఉంటుంది, బిగువుల పట్టికలో 3కీ 8కీ తేడా తెలియదు. గ్రీజు మరకలున్న ప్రతిని కాదనకండి. ఏ పేజీలు నల్లబడ్డాయో చూస్తే ఆ కారు తరచూ ఎక్కడ ఇబ్బంది పెడుతుందో తెలిసిపోతుంది. కొన్నాక పుస్తకం ఇంట్లోనే ఉంచి, ఉస్తాద్‌కు కావలసిన నాలుగు పేజీలు ఖేడ్‌లో జిరాక్స్ తీయించి ఇవ్వండి. ఆయన ఇంగ్లిష్ చదవకపోయినా అంకెలు చదువుతాడు, బొమ్మ చూస్తాడు. పుస్తకానికి భిన్నంగా ఏదైనా చెబితే ఆ పేజీ అంచునే పెన్సిల్‌తో తేదీ వేసి రాసిపెట్టుకోండి.