అటూ ఇటూ మోసే డేటా

సీపీయూ, జీపీయూ రెండూ కలిసి చేసే ప్రోగ్రాము నత్తనడక నడుస్తుంటే నేను ముందు చూసేది డేటా ఎక్కడెక్కడ తిరుగుతోందని. లెక్క సంగతి ఆ తర్వాత. బిలాస్‌పూర్‌లోని తెలిపారాలో మా ఇంటికి ప్రోగ్రాములు పట్టుకొచ్చే రైల్వే కుటుంబాల పిల్లలకూ ఇదే చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికి బిలాస్‌పూర్ వచ్చినవాళ్ల మునిమనవలు వాళ్లు. గేజు మారే చోట ఏం జరుగుతుందో వాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు నాగ్‌పూర్ నుంచి రాజ్‌నాంద్‌గావ్ దాకా ఉన్నది మీటర్ గేజ్. నాగ్‌పూర్ చేరాక సరుకంతా దింపి బ్రాడ్ గేజ్ వ్యాగన్లలోకి ఎక్కించాలి. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఆ లైనును తీసుకుని బ్రాడ్ గేజ్ చేసింది. సీపీయూ మెమరీకీ జీపీయూ మెమరీకీ మధ్య ఆ దింపుడూ ఎక్కింపుడూ చాలా యంత్రాల్లో ఇంకా జరుగుతూనే ఉంది.

2006 చివర్లో వచ్చిన ఎన్విడియా 8800 జీటీఎక్స్ కార్డునే తీసుకోండి. తన సొంత మెమరీతో సెకనుకు 86.4 గిగాబైట్ల దాకా మాట్లాడగలదు. సీపీయూ వైపు నుంచి దానికి డేటా చేరే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో అప్పట్లో ఒక దిశకు 4 గిగాబైట్లే. ఇరవై రెట్లకు పైగా తేడా.

ఆ కార్డు మీదే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పవన్ హరీశ్, పి.జె. నారాయణన్ చేసిన పని 2007లో హైపీసీ సదస్సులో వెలువడింది. జీపీయూ ప్రోగ్రాములు రాసేందుకు ఎన్విడియా తెచ్చిన ‘కుడా’ మొదటి వెర్షన్ వచ్చిన ఏడాదే అది. కోటి శీర్షాల గ్రాఫులో ఒక శీర్షం నుంచి మిగతావాటికి అతి దగ్గరి దారులను ఒకటిన్నర సెకన్లలో తేల్చారు. కార్డు ఖరీదు 600 డాలర్లు. నాకు ఆ వేగం కన్నా ఆ ప్రోగ్రాము అల్లిక ఎక్కువ నచ్చుతుంది. అందులోని బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ చూడండి. గ్రాఫంతా మొదట ఒక్కసారి జీపీయూకు వెళ్లి అక్కడే ఉండిపోతుంది. అంచె అంచెకూ సీపీయూ పిలుస్తుంది, వేల త్రెడ్లు ఒక్కసారిగా పనిచేస్తాయి, ఇంకా పని మిగిలిందా లేదా అనే చిన్న గుర్తు మాత్రం వెనక్కి వస్తుంది. గ్రాఫు గొలుసులా సాగితే మాత్రం అంచెకు ఒక్క శీర్షమే. అప్పుడు 128 కోర్లున్నా లాభం లేదు, సీపీయూలోని మామూలు క్యూ పద్ధతే మేలు. ఒంటి ప్రాసెసర్‌కు ఉత్తమమైన ఆల్గరిథం జీపీయూ మీద కొన్నిసార్లు అంత వేగంగా నడవదని వాళ్లే రాశారు.

ఇక కంపైలర్. 2013లో వచ్చిన ఓపెన్ఎంపీ 4.0 ప్రమాణం పుణ్యమా అని లూపు ముందు ఒక్క ‘టార్గెట్’ వాక్యం పెడితే ఆ లూపు జీపీయూకు వెళ్తుంది. 2017లో జీసీసీ 7 కంపైలర్ కూడా ఆ దారి పట్టింది. పిల్లలు ఆ వాక్యాన్ని వెయ్యిసార్లు తిరిగే లూపు లోపల పెడతారు, కంపైలర్ అరేను వెయ్యిసార్లు మోస్తుంది. దాన్ని తప్పుపట్టలేం. సీ భాషలో ఒకే అరేకు రెండు పాయింటర్లు ఉండొచ్చు, మధ్యలో పిలిచిన ఫంక్షన్ వేరే ఫైల్లో ఉండొచ్చు. సీపీయూ ఆ అరేను ముట్టుకోదని రుజువు దొరకనంత వరకు తిరిగి తెచ్చివ్వడమే దాని ధర్మం. ‘టార్గెట్ డేటా’ను బయటి లూపుకు పైన పెడితే మోత రెండుసార్లకు తగ్గుతుంది. ఆ రుజువు ఇవ్వగలిగింది ప్రోగ్రాము రాసినవాడే. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మిగతాది పుస్తకం చూసి నేర్చుకోవచ్చు.

మెమరీనే ఒకటి చేస్తే? ఏఎండీ 2014లో కావేరి, మరుసటి ఏడాది గోదావరి అనే చిప్‌లలో అదే చేసింది. గోదావరి పేరు చూసి నేను నిజంగా పొంగిపోయాను. రెండు వైపులా ఒకే పాయింటర్ చెల్లుతుంది, కాపీలు అక్కర్లేదు. కానీ పంచుకున్నది డీడీఆర్3 మెమరీ. సెకనుకు 34 గిగాబైట్లు, పాత 8800 కార్డులో సగం కూడా కాదు. ఆ కొరత తీరడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2023 డిసెంబరులో వచ్చిన ఏఎండీ చిప్ ఎంఐ300ఏలో 24 సీపీయూ కోర్లూ 228 జీపీయూ యూనిట్లూ 128 గిగాబైట్ల వేగవంతమైన హెచ్‌బీఎం మెమరీని పంచుకుంటాయి. 2024 నవంబరులో ప్రపంచ సూపర్‌కంప్యూటర్ల జాబితాలో మొదటి స్థానం పొందిన ఎల్ కాపిటాన్ వీటితో కట్టిందే.

మోత తగ్గినా పంపకం మిగిలే ఉంది. ఏ పని ఎవరికి, ఎంత? 2011లో అదే ట్రిపుల్ ఐటీలో దీప్ శంకర్ బెనర్జీ, కిశోర్ కొత్తపల్లి సీపీయూ, జీపీయూలను ఒకే సమయంలో పనిలో పెట్టి, లిస్ట్ ర్యాంకింగ్‌లో అప్పటి ఉత్తమ ప్రోగ్రాము కంటే 50 శాతం, గ్రాఫు భాగాలు గుర్తించడంలో 25 శాతం వేగం సాధించారు. పంపకం మనిషే ఆలోచించి చేశాడు. 2020లో ప్రచురించిన ఐఆర్‌టువెక్ పనిలో, సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కు చెందిన రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఎల్ఎల్‌వీఎం మధ్యస్థ కోడ్‌ను అంకెల వరుసలుగా మార్చి, ఒక ఓపెన్‌సీఎల్ ప్రోగ్రాము సీపీయూ మీద బాగా నడుస్తుందా జీపీయూ మీదా అని కంపైలర్ స్థాయిలోనే ఊహించి చూపింది. అక్కడ ప్రశ్న అటా, ఇటా అన్నంతే. అటు ముప్పై పాళ్లు, ఇటు డెబ్బై అని యంత్రాన్ని బట్టి, డేటాను బట్టి తేల్చే కంపైలర్ నాకు కావాలి. పైచదువుకు హైదరాబాద్ వెళ్తామనే మా పిల్లల చేతిలో ఈ రెండు పేపర్లూ పెడుతున్నాను, ముందు 2011 నాటిది చదవమని.