కర్త అజ్ఞాతం

మాది పుత్తూరు దగ్గర మాలపల్లె. అక్కడ రైలెక్కితే అరక్కోణం ఎంతో దూరం లేదు. తన పాటలు తనే కట్టి పాడే అరివు ఆ ఊరివాడే. 2021లో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామి’కి మా బడిపిల్లోళ్లు కూడా ఎగిరినారు. నిజానికది ఎగిరే పాట కాదు. అతని అవ్వ వల్లియమ్మ శ్రీలంక తేయాకు తోటల్లో కూలి. తరాలు చాకిరీ చేసినా భూమి దక్కనోళ్ల గోడు అది. చావింటి ఒప్పారి శోకం అందులో ఉంది. తాళం హుషారులో ఆ శోకం చానామందికి వినపడలేదు. ఆ పాట బలమూ అదే, లోపమూ అదే.

ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద పాడిన ధీ ఉంది, రాసి పాడిన అరివు లేడు. పాట కావాల గానీ పాటగాడు వద్దా అని స్టాఫ్‌రూములో కొట్లాడినా.

2024లో అతను తన ఆల్బంకు ‘వల్లియమ్మ పేరాండి’ అని పేరు పెట్టినాడు. వల్లియమ్మ మనవడు అని. అది విని నా నోరు పడిపోయింది.

బి.ఎడ్.లో జానపద గేయాలు సేకరించమంటే, మా అవ్వ నాట్లప్పుడు కట్టిన పాటలు రాసిచ్చినా. కింద ‘కర్త అజ్ఞాతం’ అని పెట్టినా. మంచి మార్కులే వచ్చినాయి. నేను రాస్తా ఉంటే అవ్వ పక్కనే కూచోని చింతపండు గింజలు తీస్తా ఉండింది. అజ్ఞాతం ఎట్లవుతాది?

మొన్న ఆ రికార్డు బుక్కు దించినా. ఆ మాట కొట్టేసి, అవ్వ పేరు రాసినా.