పొగగొట్టం చెప్పని సంగతులు

నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతంలో పాత కారు బేరానికి వచ్చినప్పుడు కొనేవారు వేసే ప్రశ్నలు చాలాకాలంగా ఒకే వరసలో సాగుతున్నాయి: బండి ఎన్నో ఓనరు చేతిలో ఉంది, రీడింగు ఎంత, ఎక్కడైనా గుద్దుకుందా, టైర్లు ఇంకెంతకాలం వస్తాయి, ఏసీ చల్లగా వస్తుందా. పొల్యూషన్ సర్టిఫికెట్ ప్రస్తావన ఈ వరసలో చివరన, అదీ కాగితం ఉందా లేదా అన్నంతవరకే వస్తుంది. రోడ్డు పక్కన ఆగిన వ్యానులో కొద్ది నిమిషాల్లో చేతికందే కాగితానికీ బండి విలువకూ సంబంధం ఉంటుందని ఎవరికీ తోచదు. మామూలు బండి విషయంలో ఈ అలవాటు వల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. ఇంజిన్‌లోనో పొగగొట్టంలోనో మార్పులు చేయించిన బండిని కొంటున్నప్పుడు మాత్రం మొదట పరిశీలించవలసింది ఆ కాగితాన్నే, అందులోనూ అది చెప్పే సంగతుల కంటే చెప్పలేని సంగతులను.

మార్పు అన్న మాటకు ఇక్కడ అర్థాన్ని కొంచెం విడదీసి చూడాలి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు లేనిదాన్ని చేర్చడం ఒక రకం: గ్యాస్ కిట్టు బిగించడం, పెద్ద టర్బో పెట్టడం, గట్టిగా మోగే సైలెన్సర్ వేయడం ఈ కోవలోకి వస్తాయి. ఉన్నదాన్ని తీసేయడం రెండో రకం. ఇది బయటికి కనిపించదు కనుకనే ఎక్కువ ప్రమాదకరం. ఇంజిన్‌ను నడిపే కంప్యూటరులోని లెక్కలను మార్చి, ఇంధనం ఎప్పుడు ఎంత పడాలన్నది తిరగరాయడం మూడో రకం. దీన్నే మెకానిక్‌లు రీమ్యాపింగ్ అంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. ఆమోదం పొందిన సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్టును బిగించుకోవడానికి, దివ్యాంగులు నడుపుకోవడానికి వీలుగా బండిని సర్దుకోవడానికి చట్టం చోటు ఇచ్చింది. ఈ రెండూ ఆర్‌సీలో నమోదు కావాలి. కాలు సహకరించని మనిషి చేత్తో బ్రేకు వేసుకునేలా సర్దిన కారుకూ, వడపోత యంత్రాన్ని పీకేసిన కారుకూ మార్చిన బండి అన్న ఒకే పేరు పెట్టడం ఆ మొదటి మనిషికి అన్యాయం చేయడమే అవుతుంది.

ఈ ప్రాంతానికి మార్పులు చేయించిన బండ్లు వచ్చే దారుల్లో ముఖ్యమైనది ఢిల్లీ దారి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులో పదిహేనేళ్లు దాటిన వాహనాలు ఢిల్లీ రోడ్ల మీద తిరగరాదని, 2015 ఏప్రిల్‌లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదని ఆదేశించింది; 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను నిలబెట్టింది. 2025 జులై 1న అక్కడి పెట్రోలు బంకుల్లో పాత బండ్లకు ఇంధనం పోయకూడదన్న నిబంధన మొదలై కొద్ది రోజులకే ఆగిపోయింది, ఆగస్టులో యజమానులపై కఠిన చర్యలు వద్దని సుప్రీంకోర్టు చెప్పింది. నిబంధన బిగిసినా సడలినా, వయసు మీద పడుతున్న డీజిల్ బండిని అక్కడి యజమాని తక్కువ ధరకు వదిలించుకోవాలనే చూస్తాడు. అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రంతో, అంటే ఎన్‌ఓసీతో, ఆ బండి దక్షిణాదికి బయలుదేరుతుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద ఉన్న సూర్యాపేట, కోదాడ పట్టణాల్లో ‘ఢిల్లీ బండి’ అన్న మాటకు చవక అన్న అర్థం స్థిరపడడానికి కారణం ఇదే.

అయితే ఢిల్లీ బండిలో కొనేవారు గమనించవలసిన ఒక విశేషం ఉంది. భారత్ స్టేజ్ అన్నది కొత్త బండి ఎంత మేర కాలుష్యాన్ని వదలవచ్చో నిర్ణయించే జాతీయ ప్రమాణం. అంకె పెరిగినకొద్దీ పరిమితి బిగుస్తుంది. నాలుగో దశ 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ, హైదరాబాద్ సహా 13 నగరాల్లో మొదలై, దశలవారీగా విస్తరించి, 2017 ఏప్రిల్‌కు గాని దేశమంతటికీ రాలేదు. ఆరో దశ 2020 ఏప్రిల్‌లో ఒకేసారి అంతటా అమలైంది. అందువల్ల 2014లో ఢిల్లీలో రిజిస్టరైన కారు నాలుగో దశది అయి ఉంటుంది, అదే ఏడాది చిన్న పట్టణంలో రిజిస్టరైనది మూడో దశది కావచ్చు. పొల్యూషన్ పరీక్షలో ఈ రెండింటికీ గీత ఒకటి కాదు. డీజిల్ పొగ చిక్కదనాన్ని హార్ట్‌రిడ్జ్ యూనిట్లలో కొలుస్తారు, అంటే పొగలోంచి పంపిన వెలుతురులో ఎంత భాగం అడ్డుపడిందన్నది లెక్క. నాలుగో దశకు ముందు బండికి 65 యూనిట్ల దాకా అనుమతి ఉంటే నాలుగో దశ బండికి 50 దగ్గరే గీత గీశారు. పెట్రోలు కారుకు నిలకడగా తిరుగుతున్న ఇంజిన్ వద్ద కార్బన్ మోనాక్సైడ్ మూడో దశలో 0.5 శాతం దాకా ఉండవచ్చు, నాలుగో దశలో 0.3 శాతం దాటకూడదు. ఒకే వయసున్న రెండు బండ్లలో ఢిల్లీది ఎక్కువ శుభ్రంగా ఉండవలసిన బండి కనుక, దాని శరీరంలోంచి తీసేసిన ప్రతి భాగమూ ఎక్కువ నష్టమే.

ఈ పరీక్ష ఏది చూస్తుందో, ఏది చూడదో తెలుసుకోవడంలోనే మార్చిన బండిని గుర్తుపట్టే విద్య అంతా ఉంది. డీజిల్ బండిని వేడెక్కించి, గేరు వేయకుండా యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కి వదులుతూ, ప్రతిసారీ వచ్చిన పొగ చిక్కదనాన్ని యంత్రం నమోదు చేస్తుంది. నల్లటి మసి ఈ పరీక్షకు దొరుకుతుంది. కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లు దొరకవు, వాటిని మన పొల్యూషన్ పరీక్షలో కొలవరు గనుక. గాలిలో ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ ఇంజిన్‌లోని విపరీతమైన వేడికి కలిసిపోయి ఈ వాయువులు పుడతాయి. ఆ వేడిని తగ్గించడానికి పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటును ఈజీఆర్ అంటారు. బయటికి పోవలసిన గాలిని తిరిగి లోపలికి తిప్పడం దాని పని. దీనివల్ల నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి, కానీ మసి కొంత పెరుగుతుంది, కాలక్రమంలో ఆ మసి వాల్వులోనూ గొట్టంలోనూ పేరుకుంటుంది, బండి పికప్ మందగిస్తుంది. అప్పుడు యజమాని షెడ్డుకు వెళ్తే, గొట్టం మధ్యలో చిన్న ఇనుప ప్లేటు పెట్టి ఆ దారిని మూసేస్తారు. బండి చురుకవుతుంది, పొగ పలచబడుతుంది, పొల్యూషన్ రీడింగు మునుపటికన్నా మెరుగ్గా వస్తుంది. ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు మాత్రం పెరుగుతుంది. పరీక్షలో మంచి మార్కు తెచ్చుకున్న బండే ఎక్కువ విషాన్ని వదిలే ఈ పరిస్థితి ఎవరో లంచం తీసుకోవడం వల్ల వచ్చింది కాదు. పరీక్షకు ఆ కన్ను లేకపోవడం వల్ల వచ్చింది.

ఈ వాయువుల ప్రభావం నగరాలకే పరిమితమని అనుకోవడానికి వీల్లేదు. నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో ఇతర వాయువులతో కలిసి నేలకు దగ్గరగా ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఆకాశం పైపొరలో మనల్ని కాపాడే ఓజోనే నేల మీద ఆకు రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లి గోధుమ, వరి వంటి పంటల దిగుబడిని తగ్గిస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి మీదే బతికే ఊళ్లకు, వడ్ల లారీలూ ట్రాక్టర్లూ బారులు తీరే మిర్యాలగూడ మిల్లుల దారికి ఇది దూరపు సంగతి కాదు. దేశంలో గాలి ప్రమాణాలను అందుకోలేని పట్టణాల జాబితాను కేంద్రం తన శుద్ధ వాయు కార్యక్రమం కింద ప్రకటించినప్పుడు, తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్లగొండ పేరు కూడా అందులో ఉంది.

2020 తరువాతి డీజిల్ కార్లలో సాధారణంగా డీపీఎఫ్ అనే మసి జల్లెడ ఉంటుంది. అది మసిని పట్టి ఉంచి, సుమారు 600 డిగ్రీల వేడి దగ్గర దాన్ని కాల్చి బూడిద చేస్తుంది. ఆ వేడి రావాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా సాగాలి. రోజూ ఊళ్లోనే తిరిగే బండిలో జల్లెడ పూడుకుపోతుంది, కొత్తది వేయించడం పెద్ద ఖర్చు, అందుకని లోపలి భాగాన్ని పగలగొట్టించి, హెచ్చరిక దీపం వెలగకుండా కంప్యూటరులో లెక్క మార్పించేవారు ఉన్నారు. వారి మీద కోపం కన్నా జాలి కలగడం సహజం, ఎందుకంటే తిరిగే తీరుకు డీజిల్ బండి సరిపోదని కొన్న రోజున వారికి ఎవరూ చెప్పలేదు. పెట్రోలు కారులో ఇదే కథ క్యాటలిటిక్ కన్వర్టర్ విషయంలో నడుస్తుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూత ఉన్న ఈ పాత్ర విషవాయువులను చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా, నైట్రోజన్‌గా మారుస్తుంది; ఆ లోహాల ధర కోసమే దాన్ని తీసి అమ్ముకునేవారూ ఉన్నారు.

తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో పరీక్షను వేరే తర్కంతో కట్టారు. అక్కడి స్మాగ్ చెక్‌లో పొగ ఎలా వస్తోందన్న ప్రశ్న కన్నా, కంపెనీ పెట్టిన భాగాలన్నీ ఉన్నాయా అన్న ప్రశ్న ముందు వస్తుంది. టెక్నీషియన్ బానెట్ ఎత్తి ప్రతి భాగాన్నీ కంటితో చూస్తాడు. మార్చిన భాగం కనిపిస్తే దాని మీద రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చిన అనుమతి నంబరు ఉండాలి, లేకపోతే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా బండి తప్పినట్టే. 2021 జులై నుంచి ఇంజిన్ కంప్యూటరులోని లెక్కలు మారాయా అన్నది కూడా చూస్తున్నారు. సాధారణంగా అమ్మకం సమయంలో ఆ సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వవలసిన బాధ్యత అమ్మేవాడిది. ఈ పద్ధతే సరైనదన్నది ఈ వ్యాసం అభిప్రాయం, ఎందుకంటే ఫలితాన్ని మాత్రమే కొలిచే పరీక్షను మోసగించడం సులభమని 2015లో ఫోక్స్‌వ్యాగన్ ఉదంతం లోకానికంతటికీ చూపింది. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే లెక్కను ఆ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల డీజిల్ కార్లలో పెట్టింది, మన దేశంలోనూ 3,23,700 కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది.

ఇక్కడ అటువంటి పరీక్ష లేదు కనుక ఆ పరీక్షకుడి పని కొనేవారే చేసుకోవాలి, లేదా నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లాలి. బండిని తెల్లవారుజామున, ఎవరూ స్టార్ట్ చేయకముందు చూడడం మంచిది, వేడెక్కిన ఇంజిన్ చాలా లోపాలను దాచేస్తుంది. తాళం తిప్పగానే ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే దాన్ని ఎవరో ఆపేశారని అర్థం. ఆరో దశ డీజిల్ కారు పొగగొట్టం లోపల వేలు పెట్టి తిప్పితే మసి అంటకూడదు, దట్టంగా అంటితే జల్లెడ లోపల ఏమీ మిగిలి లేదనే అనుమానించాలి. బండి కింద కన్వర్టర్ ఉండవలసిన చోట సాదా గొట్టం, కొత్త వెల్డింగు గీతలు కనిపిస్తున్నాయేమో చూడాలి. మెకానిక్‌ల దగ్గర ఉండే చిన్న స్కానర్‌ను స్టీరింగు కింది సాకెట్‌కు తగిలిస్తే, నిన్నో మొన్నో తప్పుల జాబితాను చెరిపేసిన బండి తన స్వయంపరీక్షలు ఇంకా పూర్తి కాలేదని తానే చెబుతుంది. గ్యాస్ కిట్టు ఉన్న కారులో ఇంధనం గడిలో పెట్రోలుతో పాటు గ్యాస్ పేరు కూడా ఆర్‌సీలో ఉండాలి. సీఎన్‌జీ సిలిండరుకైతే మూడేళ్లకోసారి చేయించవలసిన పీడన పరీక్ష తేదీ చూడాలి, బీమాలో కిట్టు నమోదైందో లేదో అడగాలి.

వేరే రాష్ట్రపు బండిని ఇక్కడ ఏడాదికి మించి ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఢిల్లీలో గడిచిన పదేళ్లూ పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ కాలంలోంచి పోగా మిగిలినవే లెక్కకు వస్తాయి. ఢిల్లీ ధరలో కనిపించిన చవక ఈ లెక్కలతో చాలావరకు కరిగిపోతుంది. పైన తీసేసిన భాగాలను తిరిగి వేయించే ఖర్చు చేరితే ఒక్కోసారి అసలే మిగలదు. అందుకే ఎన్‌ఓసీకి దరఖాస్తు పెట్టకముందే, బయానా ఇవ్వకముందే, లేని భాగాల జాబితా రాసుకుని కంపెనీ సర్వీసు సెంటరులో వాటి ధర అడిగి తెలుసుకోవాలి. అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే సెక్షన్ 2019 సవరణతో చట్టంలోకి వచ్చింది. బండి సూర్యాపేట నంబరుతో కొత్త పేరు మీదికి మారిన తరువాత, ఈజీఆర్ గొట్టంలో ఎక్కడో ఢిల్లీలో వేసిన ఆ చిన్న ప్లేటు తాను వేయించింది కాదని చెప్పుకోవలసిన మనిషి దాన్ని కొన్నవాడే అవుతాడు.