ఇద్దరికీ ఒకే గాలం

చీమకుర్తి అనగానే బ్లాక్ గెలాక్సీ రాయి గుర్తొస్తుంది. ఆ రాయి తవ్వగా మిగిలిన గుంతల్లో వాన నీళ్ళు నిలిస్తే పిల్లలకు గాలం మీద మనసు పోతుంది. అక్కడికి మాత్రం వద్దు. క్వారీ గుంతకు వాలు ఉండదు, అడుగు జారితే నిలువు లోతే. సిమెంటు వేసిన సాగర్ కాలువా అంతే, పట్టుకోవడానికి గడ్డిపోచైనా దొరకదు. మోకాటి లోతు మించని చెరువు ఒడ్డు వెతకండి. ఆ చెరువు మత్స్యకారుల సొసైటీది అయితే వాళ్ళను అడిగే గాలం వేయండి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు తండ్రికొకటి, బిడ్డకొకటి అంటూ రీళ్ళతో సహా రెండు రాడ్ల సెట్టు చూపిస్తారు. మా అమ్మాయికి నేను ఇచ్చింది మాత్రం రీలు లేని సన్నటి వెదురు కర్ర. రీలుంటే చిక్కులు విప్పడంతోనే పొద్దు గూకుతుంది. కర్ర ఎంత పొడవో నైలాన్ దారమూ అంతే ఉంటే పిల్ల తనంతట తానే వేసి, తానే లాగుతుంది. ఫైబర్, కార్బన్ రాడ్లు కొంటే ఒక్క జాగ్రత్త: కార్బన్‌లో కరెంటు పారుతుంది, తీగల కింద ఎత్తకూడదు.

దారానికి జీలుగు బెండు చాలు. మునిగిందా లేదా అన్నది చిన్న కళ్ళకు తెలియడానికి కొనకు ఎర్ర రంగు పూయండి. గాలాల నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పరిగెల, చిన్న జిలేబీ చేపల నోటికి 10 లేదా 12 నంబరు సరిపోతుంది. లోపలివైపు ఉండే ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కేస్తే చేప నోట్లోంచైనా, పిల్ల వేల్లోంచైనా తేలిగ్గా వస్తుంది. సీసం గుండును పళ్ళతో కొరికి బిగించే అలవాటు మనకుంది. సీసం విషం, పిల్లల ముందు అసలే వద్దు. ఎరకు వానపాము ముక్కో, గోధుమపిండి ముద్దో చాలు. జెల్ల పడితే మాత్రం పెద్దవాళ్ళే తీయాలి, దాని ముళ్ళు గుచ్చుకుంటే సలుపు తొందరగా వదలదు.

మరి నాన్న గాలం? అక్కర్లేదు. మన బెండు మీద చూపు పెట్టుకుని పక్కనున్న పిల్లను కనిపెట్టలేం. చేతులు ఖాళీగా ఉండాలి, చూపు బిడ్డ మీదే ఉండాలి. రెండో రాడ్డుకు పెట్టే డబ్బుతో పిల్ల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ కొనండి. అది ఇంటికి వచ్చాకే కర్ర సంగతి చూడండి.